వీరమ్మవ్వ పాస్‌పోర్ట్ సైజు ఫోటో

అది 2001. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఒక సందులో నా ఫోటో స్టూడియో. అప్పటికి నా చూపు పోయి నాలుగేళ్ళు. గ్లాకోమా, అంటే కంటి లోపల ఒత్తిడి పెరిగి నరం చచ్చిపోయే జబ్బు. ముందు ఎడమ కన్ను పోయింది, ఏడాది తిరక్కుండా కుడి కన్ను కూడా పోయింది. విరుదునగర్‌లో పని నేర్చుకుని ఇరవై రెండేళ్ళు కెమెరా పట్టినవాణ్ణి, పని మాత్రం మానలేదు. ఎందుకు మానాలి?

ఇలా అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. కానీ నా ముఖం ముందు వేళ్ళు ఆడించి "ఇవి ఎన్ని?" అని అడగడానికి ఊరందరికీ తీరికే. విసుగొచ్చి ఒకాయన వేళ్ళు పట్టుకుని మెలితిప్పాను కూడా. ఫిల్మ్‌ను రీలు నుంచి తీసి కడిగే ట్యాంకులోకి ఎక్కించేది చిమ్మచీకట్లోనే కదా! ఆ పని ఏ ఫోటోగ్రాఫరూ కళ్ళతో చేయడు. ఆ సంగతి చెబితే ఎవరికీ ఎక్కదు.

నా పద్ధతి ఇది. ట్రైపాడ్ కాళ్ళకి నేలలో గుంటలు తవ్వించాను. కుర్చీని మేకులు కొట్టి బిగించాను. కెమెరాకి ఒక దారం కట్టి ఉంటుంది, దానికి వరసగా ముడులు. కూర్చున్న మనిషి దారం చివర ముక్కు దగ్గర పట్టుకుంటే ఎంత దూరమో, ఎంత ఎత్తో, ముఖం ఎటుందో నా చేతికి తెలిసిపోతుంది. ఏ ముడికి ఫోకస్ ఎక్కడో లెన్స్ మీద ఆకురాయితో గీసిన గీతలు చెబుతాయి. ఫ్లాష్ ఛార్జి అయ్యేటప్పుడు సన్నగా కూస్తుంది, ఆ కూత ఆగితే సిద్ధం. చివరగా మా ఆవిడ సరోజ వ్యూఫైండర్‌లో ఒకసారి చూసి "శరి" అంటుంది, నేను నొక్కుతాను. ఎర్ర లైటు కింద ప్రింటు వేసేదీ ఆమే.

అంతా బాగానే నడుస్తుండగా ఒక నిశ్చితార్థంలో ఎవడో మహానుభావుడు ట్రైపాడ్ కాలు తన్ని, చెప్పకుండా పోయాడు. ఆ సందడిలో సరోజ కూడా సరిగ్గా చూడకుండానే "శరి" అనేసింది. ముప్పై ఆరు ఫ్రేముల్లోనూ పెళ్ళికొడుక్కి తల లేదు! పరువు గంగలో కలిసింది. సరోజ తేల్చి చెప్పేసింది: "ఇంగ ఒక్క పోటో తిరిగొచ్చినా శరి, షాపులో జెరాక్స్ మిషన్ పెట్టేస్తాము. నాతో కాదు." నేనూ రోషంతో సరేనన్నాను.

అట్లాంటి సమయంలో పుదూరు ఊరి నుంచి కొండుసామి అని ఒకతను వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వీరమ్మవ్వ, డెబ్బై దాటిన మనిషి. ముసలివాళ్ళ పింఛనుకి అర్జీ పెట్టాలి. ఫోటోలో ముఖం నేరుగా ఉండాలి, చెవులు రెండూ కనపడాలి అని ఆఫీసులో చెప్పారట. సోమవారమే గడువు.

"విరుదునగర్‌లో రెండు స్టూడియోల్లో కూర్చోబెట్టినానన్నా," అన్నాడు కొండుసామి. "రెండిట్లోనూ మద్దిలో లేసి వచ్చేసింది. మొగోడు నన్ను ఉత్తి ముకంతో చూసేదేంది అంటాది. నీకు కండ్లు తెలీదని చెప్పినాంక, అట్లయితే వస్తాననింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ పనితనం కాదట, కళ్ళు లేకపోవడమట నా అర్హత! పొమ్మందామనుకున్నాను. కానీ పింఛను రాకపోతే ఆమె ఈ వయసులోనూ కలుపుకి పోవాల్సిందేనని కొండుసామి గొంతు తగ్గించి చెప్పాడు. సరే, కూర్చోబెట్టమన్నాను.

ఇక చూడండి నా అవస్థ. అవ్వ దారం ముక్కు దగ్గర పెట్టుకుంది, అంతా సరిపోయింది. సరోజ "ముసుగు తీయవ్వా, చెవులు కనపడల్ల" అనగానే ఆమె ముఖం సరోజ వైపు తిరిగింది. చేతిలో దారం పక్కకి పోవడంతో నాకు తెలిసింది. మళ్ళీ సర్దాను. ఈసారి గుమ్మం దగ్గర నుంచి కొండుసామి "అమ్మా, ఇట్లా చూడు, కొంచెం నవ్వు" అని మొదలుపెట్టాడు. ముఖం గుమ్మానికి. మూడోసారి సరోజ వెళ్ళి తన చేత్తో ముసుగు లాగబోతే అవ్వ చెయ్యి విదిలించేసింది. మూడుసార్లూ వృథా. తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇద్దురూ బయటికి పోండి!" అని అరిచాను.

"నేను పోతే ఎవురు చూసేది?" అంది సరోజ. "ఇది గూడా పోతే ఇంగ జెరాక్సే. తెలుసు కదా?"

"తెలుసు. పో!"

తలుపు దడాలున వేసి పోయింది. నిజం చెప్పొద్దూ, చూపు పోయాక సరోజ "శరి" అనకుండా నేను ఒక్క ఫ్రేమ్ కూడా తీసి ఎరగను.

"ఇంకెవురన్నా ఉండారా నాయినా?" అంది అవ్వ.

"లేరవ్వా. నేనొకన్నే."

"నువ్వు సూడవు కదా?"

"సూడలేనవ్వా, సూడలేను!" అన్నాను విసుగ్గా.

చీర కొంగు జారిన చప్పుడు వినపడింది. నేను నోరు లెన్స్ పక్కన పెట్టి మాట్లాడాను, గొంతు ఎటు వస్తే ముఖం అటు తిరుగుతుంది గనుక. ముసలివాళ్ళు ఫ్లాష్‌కి భయపడి కళ్ళు మూసేస్తారు. దానికీ ఒక ఉపాయం ఉంది, ముందే మూయించడం. "కండ్లు మూయవ్వా. నేను తెరువు అంటే తెరువు." దారం బిగువుగా, నిటారుగా ఉంది. వదిలేయమన్నాను. ఫ్లాష్ కూత ఆగింది. తెరువు అన్నాను, నొక్కాను. ఇంకోటి తీశాను.

"అయిపాయనా? ఇంతేనా?" అంది. కొంగు కప్పుకుంటూ తనే చెప్పింది. "చెవు తెగిండాది నాయినా. తిరునాళ్ళ గుంపులో ఎవుడో పాంబడాన్ని లాక్కోని పోయినాడు." పాంబడమంటే పాతకాలపు ఆడవాళ్ళు సాగిన చెవులకి పెట్టుకునే బరువైన బంగారు నగ. "అప్పటినించి ఇంటి మొగోడి ముందర గూడా ముసుగు తీయలేదు."

"మరి పోటో అందురూ చూస్తారే అవ్వా?"

"కాయితాన్ని సూస్తే సూసుకోనీ. అప్పుడు నేను ముందర కూసోని ఉండను కదా!"

వాళ్ళు బస్సుకి పోగానే ఫిల్మ్ కడిగి ఆరబెట్టాను. ప్రింటుకి సరోజ లోపలికొచ్చింది. ట్రేలో డెవలపర్ మందు అంచుకి తగులుతున్న చప్పుడు ఆగిపోయింది. ఇక జెరాక్సే అనుకున్నాను.

"కండ్లు మూసుకుందా? చెప్పి చావవే!"

"తెరిచే ఉండాదండి," అంది మెల్లగా. "చెవులు రెండూ తెలుస్తాయి. ఒకటి రెండుగా చీలిపోయిండాది. పాపం... అవ్వ మిమ్మల్నే చూస్తా ఉండాది."

సోమవారం అర్జీ తీసుకున్నారని కొండుసామి వచ్చి చెప్పాడు. జెరాక్స్ మాట సరోజ మళ్ళీ ఎత్తలేదు. కానీ నా ఖర్మ చూడండి, ఆ మరుసటి వారమే పుదూరు నుంచి నలుగురు అవ్వలు దిగారు. "మీకు సూపు లేదంట కదా? అందుకే వచ్చినాము," అన్నారు గుమ్మంలోనే. ఎంత గొప్ప సర్టిఫికెట్టు!

కోపం తగ్గాక మాత్రం ఒక సంగతి గుచ్చుకుంది. చూపున్న రోజుల్లో "కొంగు తీయమ్మా, చెవి కనపడాలి" అని ఎంతమంది మీద కసిరానో లెక్కలేదు. ఎందుకు కప్పుకున్నావని ఒక్కర్నీ అడగలేదు. అందుకే ముసుగు వేసుకుని ఎవరు కుర్చీలో కూర్చున్నా, దారం చేతికిచ్చే ముందు నేను చేసే పని ఒకటే. కళ్ళున్నవాళ్ళనందర్నీ బయటికి పంపించేస్తాను.