విప్పి చూడని కట్ట

నాకు పదిహేడేళ్లప్పుడు కబడ్డీలో కాలు విరగ్గొట్టుకున్నాను. అంతకుముందే చీలమండ బెణికింది, ఒక వారం ఆగమని ఆట నేర్పే అన్న మొత్తుకున్నాడు. నేను వింటేగా! వాపు మీద గుడ్డ చుట్టుకుని మొయినాబాద్‌లో పోటీకి దిగాను. రెండో కూతకే కూలబడ్డాను. దవాఖానలో మోకాలి దాకా పిండికట్టు వేసి, ఆరు వారాలు కదలొద్దన్నారు.

కనకమామిడిలో మాది కొత్తిమీర సాగు. అమ్మ రోజూ తెల్లవారకముందే ఆటోలో చేవెళ్ల మార్కెట్‌కు పోయేది. నేను మంచమెక్కి అందరినీ కసురుకుంటుంటే, ఒకరోజు పీకిన కొత్తిమీరంతా తెచ్చి నా ముందు పోసింది.

"ఇరిగింది కాలు. చేతులు మంచిగనే ఉన్నయి గద" అంది.

గడ్డి, పండుటాకులు ఏరేసి, వేళ్లన్నీ ఒక్క తీరుగా పెట్టి కట్టలు కట్టాలి. నాలుగు రోజులు బుద్ధిగానే కట్టాను. ఐదో రోజు సాయంత్రం మా జట్టు ఆట ఫోన్‌లో వస్తోంది. ఆ తొందరలో ఏరడం మానేసి, గడ్డీ గాదం లోపలికి తోసి, పచ్చటి రెమ్మలు పైకి పెట్టి చుట్టేశాను. పైన పటారం, లోన లొటారం.

మర్నాడు అమ్మ మార్కెట్ నుంచి వచ్చి నా పక్కన కూలబడింది. ఏళ్లుగా మా దగ్గరే కొనే టిఫిన్ సెంటర్ ఆమె, ఆ కట్టలు వెనక్కి తెచ్చి నలుగురిలో విప్పి చూపించిందట.

"ఆమె ఎన్నడు కట్ట ఇప్పి సూడలే బిడ్డా. నా మీద గంత నమ్మకం. రేపటి సంది ఇప్పి సూసినంకనే తీసుకుంటదట" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి పొద్దున ఆటోలో గోనె సంచుల మీద కాలు చాపుకుని నేనూ పోయాను. టిఫిన్ సెంటర్ ఆమె రాగానే చెప్పేశాను. "అమ్మది తప్పు లేదక్కా. గడ్డి పెట్టి కట్టింది నేనే."

ఆమె నా కాలు చూసింది, మొహం చూసింది. "అయితే నువ్వే ఇప్పి సూపియ్యి" అంది.

అప్పటినుంచి రోజూ పోయాను. ప్రతి కట్టా ఆమె ముందు విప్పి, చూపించి, మళ్లీ కట్టేవాణ్ని. ఆమె మొహం మాడ్చుకునే చూసేది, పోయేముందు మాత్రం ఇడ్లీ పొట్లం నా ఒళ్లో పడేసేది. "తిను. ఇరిగిన బొక్క అతుకుతది" అనేది. ఆ ఇడ్లీల రుణం నేను తీర్చలేను.

పిండికట్టు తీసేశారు. నడక వచ్చింది, మెల్లగా పరుగూ వచ్చింది. అయినా మార్కెట్ మానలేదు.

ఒక పొద్దున అలవాటుగా కట్ట విప్పబోతుంటే, ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"ఉండనియ్యి. అట్లనే సంచిల ఎయ్యి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. నేను ఒక్కో కట్టా విప్పకుండానే ఆమె సంచిలో వేశాను.