ఏడో స్తంభం దగ్గర చెత్త

ఆ బస్సు స్టేషన్లో దిగి "ఇక్కడ వైఫై ఎక్కడొస్తుందండీ?" అని ఎవరినైనా అడిగి చూడండి. విచారణ కిటికీ వైపు చూపించరు, చీపురు వైపు చూపిస్తారు. ఆ చీపురు వెనకాల ఆకుపచ్చ కోటు తొడుక్కున్న పొట్టి మనిషి ఒకావిడ ఉంటుంది. యాభై రెండేళ్ళు. పదకొండేళ్ళుగా అక్కడే ఊడుస్తోంది. "రెండో స్తంభం దగ్గర నిండా గీతలు, నాలుగో స్తంభం దగ్గర రెండు గీతలు, ఆరు దాటితే నా మొహం" అని తల ఎత్తకుండానే చెబుతుంది. చెప్పి, "సరే గానీ, ముందు జరగండి" అంటుంది. అందుకే కండక్టర్ల దగ్గర్నుంచి టీ కొట్టాయన దాకా అందరూ ఆమెను గీతలక్క అంటారు. స్టేషన్ మేనేజరు కూడా ఆ చీపురు ముందు జరగాల్సిందే. జరగమనడమే తప్ప, ఆమె ఎవరి చుట్టూ ఊడ్చిన పాపాన పోలేదు.

ఈ విద్య ఆమెకు ఏ బడిలోనూ అబ్బలేదు, చెత్తలో దొరికింది. నడిచేవాడి దగ్గర పెద్దగా చెత్త రాలదు. నిలబడ్డవాడే బిస్కెట్ పొట్లం విప్పుతాడు, టీ కప్పు స్తంభం మొదట్లో పెట్టి పోతాడు, టికెట్టును చుట్టలు చుట్టి వదిలేస్తాడు. కాబట్టి ఊడ్చేవాళ్ళకు జనం ఎక్కడ ఆగుతున్నారో జనానికంటే బాగా తెలుస్తుంది. మొదట్లో చెత్తంతా పేపర్ల కొట్టు ముందు పోగయ్యేది. ఏడేళ్ళ కిందట ఉన్నట్టుండి అది రెండో స్తంభం కిందికి మారింది. అక్కడ బెంచీ లేదు, ఫ్యాను లేదు, కొట్టు లేదు. ఇంతమందిని నిలబెడుతున్నదేమిటా అని తలెత్తి చూస్తే, విచారణ కిటికీ పైన ఒక తెల్ల పెట్టె, దానికొక పచ్చ దీపం.

నెల తిరక్కుండానే ఆ పెట్టెను బాగుచేయడానికి మెకానిక్కు వచ్చాడు. అతని నిచ్చెనకు ఒక కాలు పొట్టి. పట్టుకునే దిక్కు లేక గీతలక్కను పిలిచాడు. పట్టుకుంది, ఊరికే కాదు.

"దీని పేరేంటి సార్?"

"స్టేషన్ ఉచిత వైఫై అని ఫోన్లో కనిపిస్తుందమ్మా."

"కలిపితే ఏమడుగుతుంది?"

"ఏమీ అడగదు. నియమాలకు ఒప్పుకుంటున్నానని గడిలో టిక్కు పెట్టాలి, అంతే. నిచ్చెన గట్టిగా పట్టుకోండి."

"పట్టుకున్నా లెండి. ఎంతదూరం పోతుంది?"

"ఆరో స్తంభం దాకా లాగుతుంది. ఆ వెనక పార్శిల్ గది కదా, మందపాటి గోడ, లోపలన్నీ ఇనప అరలు. అవతలికి చచ్చినా పోదు."

ఈ మూడు ముక్కలూ ఆమె ఇంటి తాళంచెవిలా దాచుకుంది. ఆనాటి నుంచి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతూనే ఉంది. పేరు ముందు కిటికీలో అడిగి తెలుసుకోండి. పాస్‌వర్డు అడిగితే అది మనది కాదు, బయటికొచ్చేయండి. బ్యాంకు పనులు ఇంటికెళ్ళి చూసుకోండి. "వెళ్ళేముందు ఈ వైఫైని మర్చిపొమ్మని ఫోనుకి చెప్పండి. మనుషులకైతే చెప్పక్కర్లేదు, వాళ్ళంతట వాళ్ళే మర్చిపోతారు" అనేది. జనం నవ్వేవాళ్ళు. కొందరు వినేవాళ్ళు. ఊరికే వస్తుందంటే ఫినాయిల్ కూడా తాగే జనం, జాగ్రత్తలు చెబితే ఎందుకు వింటారు?

ఇంట్లో మాత్రం ఆమె మాట వినే మనిషి ఒకతె ఉంది, కోడలు. కొడుకు లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. మిగిలిన ఇద్దరు ఆడవాళ్ళూ రెండు గదుల్లో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, అప్పుడప్పుడు అలుగుతూ రోజులు నెట్టేవాళ్ళు. కోడలు రక్త పరీక్షల కోర్సు చదివింది. రెండేళ్ళుగా ఉద్యోగాల పరీక్షలు రాస్తోంది. అన్నాళ్ళూ గీతలక్క ఆమెను వంటింటి గడప తొక్కనివ్వలేదు. "నువ్వు పుస్తకం దించావో, నేను చీపురు ఎత్తుతా" అని బెదిరించేది. పొద్దున వంట, పగలంతా స్టేషను, సాయంత్రం గిన్నెలు. నడుము పట్టేస్తే గోడకు ఆనుకుని కాసేపు నిలబడేది గానీ, కోడలిని పిలిచేది కాదు.

ఒక సోమవారం నాడు ఏడో స్తంభం దగ్గర చెత్త కనిపించింది.

ఏడో స్తంభం పార్శిల్ గదికి అవతల, మలుపులో ఉంటుంది. పాత తూకం యంత్రం ఒకటి అక్కడ మూలన పడి ఉంటుంది. పదకొండేళ్ళలో అక్కడ ఆమె ఊడ్చింది దుమ్మే. అలాంటిచోట నాలుగు టీ కప్పులు, రెండు బిస్కెట్ పొట్లాలు! మంగళవారం నాటికి అవి ఇంకా పెరిగాయి. ఆమె చీపురు గోడకు ఆనించి తన ఫోను తీసి చూసింది. స్టేషన్ ఉచిత వైఫై. నిండా గీతలు. చచ్చినా రాదన్నచోట నిండా ఎలా వచ్చాయి? మెకానిక్కు వచ్చిన జాడ లేదు, నిచ్చెన వేసిన జాడ అసలే లేదు. కలపబోతే టిక్కు గడి రాలేదు. ఈమెయిలు, పాస్‌వర్డు రాయమంటూ రెండు గళ్ళు వచ్చాయి. ఫోను మూసి నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, ఏడో స్తంభం దగ్గర ఎవరిదో వేరే పెట్టె ఉంది. మన పేరు పెట్టుకుని కూర్చుంది."

మేనేజరు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "సిగ్నలు బాగుపడిందని సంతోషించక, ఈ గొడవేంటక్కా? పైనుంచి ఏదో మార్చి ఉంటారు."

"పాస్‌వర్డు అడుగుతోంది సార్."

"అడిగితే అడుగుతుంది. నువ్వెళ్ళి రెండో ప్లాట్‌ఫాం చూడు, అరటి తొక్కలు పడున్నాయట."

ఊడ్చేదాని మాట కదా, పెడచెవిన పెట్టాడు. ఆమె అరటి తొక్కలు ఎత్తింది గానీ మనసు అక్కడ లేదు. బుధవారం మళ్ళీ చెప్పింది. ఈసారి ఆయన చేయి మాత్రం ఊపాడు.

ఆ బుధవారం సాయంత్రమే కోడలి ఫోనుకు పెద్దాసుపత్రి నుంచి ఈమెయిలు వచ్చింది. ల్యాబులో ఉద్యోగం! మర్నాడు మధ్యాహ్నం పన్నెండు లోపల ఆసుపత్రి వెబ్‌సైటులో సమ్మతి పంపాలి, లేకపోతే వరుసలో తర్వాతివాళ్ళకు పోతుంది. భర్తతో ఒక మాట చెప్పి పంపుదామని ఆగింది పిల్ల. పొద్దున్నే అతను ఫోన్లో దొరికాడు, సంతోషించాడు. ఆ వెంటనే వీధి చివర రోడ్డు తవ్వేవాళ్ళు కేబుల్ తెంపారు. ఇంట్లో నెట్టు పోయింది. ఫోన్లో నెట్టు చక్రం తిరగడమే తప్ప ముందుకు కదల్లేదు. బాగవుతుందేమోనని పదిన్నర దాకా చూసి, ఇక లాభం లేదని స్టేషనుకు పరిగెత్తుకొచ్చింది.

అప్పటికే సగం ఊరు అక్కడుంది. రెండో స్తంభం కింద ఇసక వేస్తే రాలనంత జనం. అంతమంది ఒక్క పెట్టెను పీల్చేస్తుంటే ఎవరికీ ఏమీ రావడం లేదు. పావుగంట ప్రయత్నించి, గీతలు వెతుక్కుంటూ కోడలు స్తంభం తర్వాత స్తంభం దాటింది. గీతలక్క చూసేసరికి ఆ పిల్ల ఏడో స్తంభానికి ఆనుకుని, నిండా గీతలతో వెలుగుతున్న ఫోను మీద వేలు పెట్టబోతోంది.

చీపురు కర్ర వచ్చి ఫోనుకూ వేలుకూ మధ్య ఆగింది.

"ఆగు. ఏమడుగుతోంది?"

"ఈమెయిల్ పాస్‌వర్డు అత్తయ్యా. కర్ర తీయండి, పదకొండు దాటింది!"

"పెట్టకు. ఇది మన పెట్టె కాదు."

"పేరు అదే కదా?"

"తెల్లనివన్నీ పాలు కావమ్మాయ్. నీ ఉత్తరాలన్నీ ఆ ఈమెయిల్లోనే ఉన్నాయా లేదా? ఇక్కడ రాశావంటే ఇంటి తాళంచెవి తీసి దొంగ చేతికిచ్చినట్టే."

"మేనేజరు గారు ఏమీ లేదన్నారని మీరే చెప్పారుగా రాత్రి! ఒక్కసారికి ఏమవుతుంది? రెండేళ్ళు అత్తయ్యా! మీకు తెలియదా, ఎంత చదివానో?"

ఎందుకు తెలియదు? ఆ రెండేళ్ళలో కడిగిన ప్రతి గిన్నె ఆమెకు తెలుసు. తను చెప్పేది తప్పయితే? కప్పులూ పొట్లాలూ చూసి కోడలి బతుకును ఆపుతోంది తను. ఒక మెకానిక్కు ఏడేళ్ళ కిందట నిచ్చెన మీదనుంచి అన్న మాట తప్ప చేతిలో సాక్ష్యం లేదు. కానీ పదకొండేళ్ళలో చెత్త ఆమెకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

"రోడ్డవతల పఠనాలయం ఉంది. వాళ్ళది వేరే లైను. కిటికీలో అడిగితే పేరూ పాస్‌వర్డూ కాగితం మీద రాసిస్తారు. పద."

"అక్కడ కూడా రాకపోతే?"

"రాకపోతే జీవితాంతం నన్ను తిట్టుకో. ఒక్క మాట కూడా ఎదురు చెప్పను."

అత్త మీద కోపం దుత్త మీద చూపిద్దామంటే అక్కడ దుత్త లేదు, ఉన్నది ఫోను. దాన్ని నేలకేసి కొట్టే స్తోమత ఇద్దరిలో ఎవరికీ లేదు. కోడలు కళ్ళు తుడుచుకుని కదిలింది. గీతలక్క వెళ్తూ వెళ్తూ బకెట్టెడు ఫినాయిల్ నీళ్ళు ఏడో స్తంభం చుట్టూ కుమ్మరించి, "నేల తడిగా ఉంది, జాగ్రత్త" అన్న పసుపు బోర్డు అడ్డం పెట్టింది. ఫినాయిల్ తాగేవాళ్ళయినా అందులో చెప్పులు తడుపుకోరు. పని వేళలో చీపురు వదిలి గేటు దాటడం ఆమెకు అదే మొదటిసారి.

పఠనాలయంలో కిటికీ దగ్గర ముగ్గురు ముందున్నారు. "పిల్ల ఉద్యోగం అయ్యా, పన్నెండుకి గడువు" అని గీతలక్క గట్టిగా అనేసరికి ముగ్గురూ పక్కకు జరిగారు. కాగితం చేతికొచ్చింది. కోడలు ఆసుపత్రి వెబ్‌సైటు పేరు అక్షరం అక్షరం తనే కొట్టింది, పక్కన తాళం బొమ్మ ఉందో లేదో చూసుకుంది. చక్రం తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది. గోడ గడియారంలో పదకొండూ యాభై రెండు. గీతలక్క ఫోను వైపు చూడలేక, బల్లల కింద ఎంత దుమ్ముందో చూస్తూ నిలబడింది.

"వెళ్ళింది" అంది కోడలు. "అత్తయ్యా, వెళ్ళింది. మీ సమ్మతి అందింది అని వచ్చింది!"

నిశ్శబ్దం పాటించాలని పఠనాలయం గోడ మీద రాసి ఉంది. ఆ అత్తాకోడళ్ళకు ఆ క్షణాన చదువు రాలేదు.

స్టేషనుకు తిరిగొచ్చేసరికి మేనేజరు గది ముందు నలుగురు ప్రయాణికులు నిలబడి అరుస్తున్నారు. ఒకాయన ఈమెయిలు పాస్‌వర్డు ఎవరో మార్చేశారట, ఇప్పుడు ఆయనకే తెరుచుకోవడం లేదు. ఒకావిడ పేరు మీద చుట్టాలందరికీ ఏవేవో సందేశాలు వెళ్ళాయట. ఎక్కడ నిలబడి వాడారని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, పార్శిల్ గది వెనక. మేనేజరు మొహం పాలిపోయింది. గీతలక్క ఆయన్ని ఒక చూపు చూసింది, అది చాలు. మెకానిక్కు వచ్చాడు, పోలీసులొచ్చారు. పాత తూకం యంత్రం వెనక గుడ్డ చుట్టి పెట్టిన నల్ల పెట్టె బయటపడింది. ఎవరు పెట్టారో పోలీసులు చూసుకుంటారు. ఆ పెట్టె ఉందని మాత్రం చెప్పింది చీపురు.

చేతులు కాలాకే అయినా మేనేజరు ఆకులు పట్టుకున్నాడు. "అక్కా, నీ మాట వినలేదు, తప్పు నాదే" అని నలుగురి ముందూ అన్నాడు. విచారణ కిటికీ పక్కన ఒక బోర్డు పెట్టిద్దాం, ఏం రాయాలో నువ్వే చెప్పమన్నాడు. గీతలక్క చెప్పింది, కోడలు గుండ్రటి అక్షరాలతో రాసింది: మన వైఫై పాస్‌వర్డు అడగదు. అడిగింది మనది కాదు. ఆరో స్తంభం దాటాక వచ్చిందీ మనది కాదు. అనుమానమొస్తే ఊడ్చేవాళ్ళను అడగండి. ఆ చివరి వాక్యం తీసేద్దామా అని మేనేజరు అడిగాడు. అది ఉంటేనే మిగతావి ఉంటాయంది గీతలక్క. ఉంచారు.

మూడు వారాలు గడిచాయి. సాయంత్రం అయిదున్నర బస్సు దిగి, మెడలో ఆసుపత్రి గుర్తింపు కార్డుతో కోడలు రెండో స్తంభం కింద నిలబడింది. తొలి వారం శిక్షణలో తనకే ఎక్కువ మార్కులొచ్చాయని భర్తకు సందేశం రాస్తోంది. అప్పుడే "జరగండి, జరగండి" అంటూ చీపురు వచ్చింది. బ్యాగులు లేచాయి, కాళ్ళు లేచాయి. కోడలు కూడా అలవాటుగా ఫోన్లోంచి తల ఎత్తకుండానే అడుగు వెనక్కి వేయబోయింది.

"నువ్వు కదలకు" అంది గీతలక్క.

పక్కకు జరిగిన పెద్దమనిషికి ఒళ్ళు మండింది. "ఏమ్మా, మేమంతా జరగాలి, ఆవిడొక్కతీ జరగక్కర్లేదా?"

"ఆవిడ నా కోడలండీ. పెద్దాసుపత్రి ల్యాబులో పని చేస్తుంది" అంది గీతలక్క, నాలుగో ప్లాట్‌ఫాం దాకా వినిపించేలా.

అని, వంగి, కోడలి చెప్పుల చుట్టూ మెల్లగా ఊడ్చుకుంటూ పోయింది.