అమ్మ సైకిలుకి వల

మా అమ్మ సైకిలు మీంచి పడిన రోజున మేమందరం ఆవిడ మోకాలు చూస్తుంటే, ఆవిడ మాత్రం చీర అంచు చూసుకుని ఏడ్చింది. కొత్త మంగళగిరి చీర. వెనక చక్రంలో అంచు చుట్టుకుని, గ్రీజు పూసుకుని, జానెడు మేర పీలికలైపోయింది. మోకాలు తొందరగానే మానింది. చీర సంగతి మాత్రం ఇప్పటికీ ఎత్తుతుంది.

పాపం, సైకిలు తప్పు కూడా కాదు. వెనక చక్రానికి సగం దాకా కప్పి ఉండే తీగల అల్లిక తుప్పు పట్టి ఊడిపోయింది. చీర కట్టుకుని తొక్కే ఆడవాళ్ళ కోసమే పెట్టే సామాను అది. అమ్మ దాన్ని మొదటినుంచీ ‘వల’ అనేది కాబట్టి మా ఇంట్లో అందరికీ అది వలే. మా ఊరి సైకిలు షాపాయన దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇప్పుడు ఆడపిల్లలందరూ పంజాబీ డ్రెస్సులేనండి. ఈ సామాను ఎవరూ తేవట్లేదండి.”

అమ్మ పక్క ఊరి బళ్ళో టీచరు. మిగతా టీచర్లు ఆటోల్లోకీ, మొగుళ్ళ మోటారు సైకిళ్ళ మీదకీ మారిపోయినా కాలవ గట్టు మీద తన సైకిలు మీదే వెళ్ళేది. రిటైరయ్యే రోజు కూడా దాని మీదే ఇంటికొస్తానని అందరికీ చెప్పి పెట్టింది. వల దొరికేదాకా స్కూటరు మీద నేను దింపుతానులే అన్నారు నాన్నగారు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

నాన్నగారికి ఒక జబ్బుంది. మనిషి కనిపిస్తే చాలు, “ఏ ఊరండి మనది? ఎవరి తాలూకు?” అని అడగాలి. అడిగి ఊరుకుంటే బానే ఉండేది. ఆ ఊళ్ళో తనకు తెలిసినవాళ్ళెవరో, వాళ్ళకీ ఈ మనిషికీ చుట్టరికమేమిటో తేలేదాకా వదలరు. పొలం కౌలుకిచ్చేశాక ఈ పనికి తీరిక కూడా దొరికింది. గట్టు మీద గడ్డి మోపుతో ఎవరైనా కొత్త మనిషి ఎదురొస్తే స్కూటరు ఆగిపోయేది. అమ్మ వెనక కూర్చుని గడియారం చూసుకునేది. గడియారాన్ని నాన్నగారు ఏనాడూ లెక్కచేయలేదు.

బడిలో ప్రార్థన మొదలయ్యాక వచ్చిన పిల్లల్ని గేటు బయటే నిలబెట్టాలని రూలు పెట్టింది మా అమ్మే. ఇప్పుడు ఆ పిల్లల పక్కనే తనూ నిలబడాల్సి వచ్చింది. ఒకరోజు మూడో తరగతి పిల్ల ఒకతి జాలిపడి, “మీక్కూడా మీ నాన్నే ఆలస్యం చేశారాండి టీచర్?” అని అడిగిందట. ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి చెప్పులు విసురుగా విప్పింది.

“ఏవండీ, నాకు వల కావాలి. రేపటికల్లా కావాలి.”

నాన్నగారు మర్నాడే భీమవరం బయల్దేరారు. మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చి ఉయ్యాల బల్ల మీద కూలబడ్డారు.

“సైకిలుకి వల కావాలంటే షాపువాడు నన్ను ఎగాదిగా చూసి చేపల వలల కొట్టు చూపించాడే! అక్కడివాడు చెరువు ఎన్నెకరాలండి అంటాడు. రొయ్యలకా, బొచ్చె చేపలకా అంటాడు.”

అమ్మా నేనూ పడీ పడీ నవ్వాం. నమ్మేశాం కూడా. చుట్టూ చెరువులు పెట్టుకున్న ఊళ్ళో వల అంటే మరేం చూపిస్తారు? తిరిగొచ్చిన స్కూటరుకి ఎడం పక్క కొత్త అద్దం ఒకటి మెరుస్తోంది. అంత దూరం వెళ్ళి ఊరికే రావడమెందుకని కొన్నానన్నారు.

అప్పుడు నేను రంగంలోకి దిగాను. భీమవరంలోనే ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఇంట్లో కంప్యూటరూ, ఫోను తీగమీద వచ్చే ఇంటర్నెట్టూ ఉన్నాయి. రెండువేల దశకం చివరి రోజులు. మా వీధిలో అప్పటికి ఎవరూ దాంట్లో కనీసం దువ్వెన కూడా కొనలేదు. అయినా నేను సైకిలు సామాను అమ్మే సైట్లు మూడు వెతికి పట్టుకుని, ఇంట్లోవాళ్ళను చెరో కుర్చీలో కూర్చోబెట్టి, ఏది మంచిదో తేల్చమన్నాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దీనికి మంచి స్థానమే ఉంది.

మొదటి సైటుని అమ్మ చూసిన మరుక్షణమే కొట్టిపారేసింది. బ్రేకుల స్పెల్లింగు తప్పు రాశారు. విరగడం అని అర్థం వచ్చే స్పెల్లింగు అది.

“మా సామాను విరుగుతుందని వాళ్ళే రాసుకున్నారు కదే. ఇంకా మనం కొనడమేంటి?”

నేను కొన్నవాళ్ళు ఇచ్చిన నక్షత్రాలు చూపించాను. స్పెల్లింగు రానివాళ్ళకి నక్షత్రాలిచ్చినవాళ్ళకి మాత్రం స్పెల్లింగు వచ్చా అంది.

రెండో సైటులో ఫోను నంబరుంది. నాన్నగారు ఉత్సాహంగా లేచి నంబరు నొక్కారు. అవతల ఒకమ్మాయి కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ మాట్లాడి చివరికి తెలుగులోకి దిగింది. ఆయన వల మాటే ఎత్తలేదు.

“ఏ ఊరమ్మా మనది?”

ఆ వివరాలు చెప్పకూడదండి అంది ఆ పిల్ల.

“పోనీ, ఎవరి తాలూకు?”

ఫోను పెట్టేసింది. నాన్నగారు నా వైపు తిరిగారు. “ఊరి పేరు చెప్పడానికే భయపడేవాళ్ళు సామానేం పంపుతారే? వద్దు.” నాకు ఒళ్ళు మండిపోయింది. ఉల్లిపాయలు కొనడానికి ఉల్లిపాయల వంశవృక్షం కావాలా అన్నాను. కావాలన్నారు.

మూడోది ఎవరి సామాను వాళ్ళు పెట్టి అమ్ముకునే సైటు. పొద్దున్నే తెరవబోతే నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు. బోణీ వేళ కొట్లోకి వెళ్ళి కొనకుండా బయటికొస్తే కొట్టువాడి ఉసురు తగులుతుందట. సైటుకి బోణీ ఏంటండి, అది రాత్రీ పగలూ తెరిచే ఉంటుందండి అని మొత్తుకున్నాను. అయితే ఏ వేళ కొత్తగా మొదలవుతుందో మనకి తెలీదు కాబట్టి అసలు తెరవకపోవడమే మంచిదన్నారు. ఆయన బడిలోంచి అమ్మని తీసుకురావడానికి వెళ్ళేదాకా ఆగి తెరిచాను. వల అని ఇంగ్లీషులో కొడితే దోమతెర, బాడ్మింటన్ నెట్టు, వంకాయ తోటకి కట్టే నెట్టు వచ్చాయి. ఇంటికొచ్చిన అమ్మ, చీర అని కలిపి కొట్టవే అంది. కొట్టాను. చీరలు వచ్చాయి. ఆ తరవాత గంటసేపు కంప్యూటరు నా చేతికి దొరకలేదు.

ఆ చీరల మధ్యలోంచే చివరికి అమ్మ పొలికేక పెట్టింది. తెర మీద మా వలే ఉంది. కింద పేరు మాత్రం ‘లేడీస్ సైకిల్ డ్రెస్ గార్డ్’ అని రాసుంది.

“నేను కట్టేది చీరైతే డ్రెస్సంటాడేంటి” అని ఒకసారి సణిగి, కొనెయ్యమంది.

అమ్మేవాడి పేరుండాల్సిన చోట ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. నాన్నగారు అది పట్టుకున్నారు. “మనిషికి పేరైనా లేదు. ఎవరి తాలూకో ఏంటో...”

“నాకు తాలూకు అక్కర్లేదండి. వల కావాలి.” నా చేతిలోంచి మౌస్ లాక్కుని అమ్మే నొక్కేసింది.

ఢిల్లీనుంచో లూథియానానుంచో రావాలి కదా, ఎప్పటికొస్తుందో అనుకున్నాం. మర్నాడే దిగింది. అట్ట పెట్టె మీద పంపినవాడి చిరునామా చదివి నేను నోరు వెళ్ళబెట్టాను. భీమవరం. సైకిలు, స్కూటరు సామాన్ల షాపు.

“నాన్నగారూ, మీరు ఈ షాపుకి వెళ్ళలేదా?” అన్నాను. ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సినిమా ప్రకటనల పేజీ అది, ఆయన ఏనాడూ చూసే పేజీ కాదు.

పెట్టె మీదున్న నంబరుకి ఫోను చేసి, అమ్మ కూడా వినేలా స్పీకరు పెట్టాను. సామాను అందిందండి, ఫలానా ఊరినుంచి అని చెప్పగానే షాపాయన గొంతులో హుషారొచ్చింది.

“ఆయ్, ఆ ఊరాండి! మొన్న మీ ఊరి పెద్దాయన ఒకాయన వచ్చారండి. మా మేనత్తగారిది ఏ ఊరో కూడా అడిగి తెలుసుకున్నారండి.”

“ఆయనకి ఈ డ్రెస్ గార్డు చూపించలేదాండి?”

“చూపించకేమండి! ఆయనే అడిగారు. తీరా తీసి బల్ల మీద పెడితే కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, వద్దులేవయ్యా, మా ఆవిడ సైకిలు మానేసింది అన్నారండి. స్కూటరుకి ఎడం పక్క అద్దం బిగించుకుని వెళ్ళారండి.”

నేను ఫోను పెట్టేశాను.  పేపరు కిందకి దిగలేదు. చేపల వలలు, రొయ్యలు, బొచ్చెలు, చెరువు ఎన్నెకరాలు, అన్నీ దారిలో కూర్చిన కథే అన్నమాట.

అమ్మ లేచి బయటికి నడిచింది. వెనకే నేనూ వెళ్ళాను. స్కూటరు వెనక సీటు మీద రోజూలాగే ఎడం పక్కకి కాళ్ళు పెట్టుకుని కూర్చుని, కొత్త అద్దంలోకి చూసింది. అది రోడ్డుని చూపించేలా లేదు. లోపలికి తిప్పి ఉంది. నాన్నగారు కూర్చునే చోట వంగి చూస్తే అందులో సరిగ్గా అమ్మ మొహం కనిపిస్తోంది. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆవిడ పొద్దున్నే సైకిలెక్కి వెళ్ళిపోతుంటే ఆయన అరుగు మీంచి వీపు మాత్రమే చూశారని నాకు అప్పటిదాకా తట్టలేదు.

అమ్మ దిగి అద్దం ఊడదీసింది. వలా, స్కూటరు అద్దమూ రెండూ పట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ మా ఊరి షాపుకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి వెనక చక్రానికి వల నిక్షేపంలా బిగించి ఉంది. అద్దం హ్యాండిలుకి క్లాంపు వేసి ఉంది. నాన్నగారు గుమ్మంలో నిలబడి దాన్ని చూసి గుటకలు మింగారు.

“నా అద్దం పీకేశావేంటి టీచరు గారూ?”

“రేపట్నుంచి నేను ముందు వెళ్తాను, మీరు వెనకాల రండి” అంది అమ్మ. “వస్తున్నారో, ఎవరి తాలూకో అడుగుతూ ఆగిపోయారో నాకు కనిపించొద్దూ?”