తొమ్మిది తర్వాత ఎనిమిది

కైకలూరు చుట్టుపక్కల చెరువుల మీద చేపపిల్లలు అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ మధ్య నిలబడి లెక్క చెప్పడం నా పని. చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు గట్టు మీదే నేర్చుకున్నాను. ఒక గిన్నెలో ఎన్ని పిల్లలు పడతాయో ముందు ఒక్కొక్కటిగా లెక్కించి చూస్తాం. ఆ తర్వాత గిన్నెల్ని లెక్కపెట్టుకుంటూ బండి మీది నీళ్ల తొట్టిలో పోయిస్తాం. మొదటి గిన్నెని ఒకటి అనం, లాభం అంటాం. రెండో గిన్నె వచ్చేదాకా ఆ మాటనే రాగం తీస్తూ ఉంటాం. లాభం, లాభం, లాభం. గిన్నె పడితేనే అంకె మారుతుంది. మధ్యలో ఎవరైనా పలకరించి లెక్క తప్పితే, తప్పిందని పైకి చెప్పి, పోసినదంతా వెనక్కి తోడించి మళ్లీ మొదలుపెట్టాలి. దానికి ఎవరూ విసుక్కోరు. తప్పిన లెక్కని గుట్టుగా సర్దేసినవాణ్ణి మాత్రం మళ్లీ ఆ గట్టు ఎక్కనివ్వరు.

మా అమ్మాయి ఈ రాగం వింటూ పెరిగింది. బడిలో వెయ్యకముందే గట్టు మీద గొడుగు కింద కూర్చుని నాతో పాటు గొంతు కలిపేది. "మీ గొంతు కంటే పాప గొంతే బాగుందండి. రేపట్నుంచి మీరు ఇంటి దగ్గర ఉండి దాన్ని పంపెయ్యండి" అని గిన్నెలు ముంచేవాళ్లు నవ్వేవారు.

పోయిన వానాకాలంలో మా ఆవిడ పుట్టింటికి, పెంటపాడు వెళ్లాం. ఒకరోజు పొద్దున్న పాప లేచేసరికి కళ్లు సగమే తెరుచుకున్నాయి. రెప్పలు ఉబ్బి ఉన్నాయి. దోమలు కుట్టాయనుకున్నాం. మర్నాటికి పాదాలు కూడా ఉబ్బాయి, చెప్పులు పట్టలేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. తాడేపల్లిగూడెంలో పిల్లల డాక్టరుకి చూపించాం. మూత్రంలో ప్రోటీన్ పోతోందేమో చూడాలన్నారు. రక్తం కూడా పరీక్ష చేయించమని రాసిచ్చారు.

ల్యాబ్‌లో పాపని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మా ఆవిడ పక్కనే నిలబడింది. రక్తం తీసే అమ్మాయి రబ్బరు పట్టీ కడుతుంటే పాప నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

"నొప్పా నాన్నా?"

"నేను లెక్కపెడతాను. పది అనేలోగా అయిపోతుంది."

"పదేనా?"

"పదే. నేనెప్పుడైనా లెక్క తప్పానా?"

ఆ మాట ఎందుకన్నానో! సూది నా చేతిలో లేదు, నరం ఎక్కడుందో నాకు తెలియదు. గిన్నె కళ్ల ముందు లేకుండా నేను అంకె చెప్పడం అదే మొదటిసారి.

"లాభం" అన్నాను. పాప కూడా అంది. సూది దిగింది. ఉబ్బిన చేతిలో నరం దొరకలేదు. సూదిని కొంచెం వెనక్కి లాగి అటూ ఇటూ కదిపి వెతుకుతోంది ఆ అమ్మాయి. ఆరు దగ్గర పాప రాగంలోకి ఏడుపు వచ్చింది. అయినా చెయ్యి లాక్కోలేదు. పది వస్తుందని ఓర్చుకుంటోంది. తొమ్మిది దగ్గర నేను ముందుకి కదల్లేదు. తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది అని రాగం తీశాను.

"రావట్లేదండి. రెండో చేతికి చూస్తాను" అంది ఆ అమ్మాయి.

పాప తడి కళ్లతో నా వంకే చూస్తోంది.

"ఎనిమిది" అన్నాను.

వెక్కుతూనే అంది. "ఎనిమిది అయిపోయింది నాన్నా. తొమ్మిది కూడా అయిపోయింది."

"లేదమ్మా. నువ్వు సరిగ్గా వినలేదు."

"విన్నాను."

"వినలేదు తల్లీ. ఎనిమిదే. ఏదీ, నాతో పాటు అను."

పాప కాసేపు నా ముఖం చూసింది. తర్వాత చిన్నగా "ఎనిమిది" అంది.

వెనక బెంచీ మీద కూర్చున్న పెద్దాయన ఒకరు, "మీ నాన్నగారికి లెక్కలు రానట్టున్నాయమ్మా" అన్నారు. పాపని నవ్వించడానికే అన్నారు పాపం. అక్కడున్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. చెవులు కాలిపోతున్నాయి.

రెండో చేతి నుంచి రక్తం గొట్టంలోకి దిగింది. సూది బయటికి వచ్చేదాకా ఆగి, అప్పుడు పది అన్నాను. మాట నిలబెట్టుకున్నవాడిలా.

తిరిగి పెంటపాడు వెళ్తుంటే ఆటోలో పాప వాళ్లమ్మ ఒళ్లో నిద్రపోయింది. మా ఆవిడ దాని చేతి మీది దూది సరిచేసి నా వైపు తిరిగింది.

"ఏవండీ, చెరువు మీద ఇలా చేస్తే ఊరుకుంటారా?"

"దాని భయం పోవాలనే కదా."

"దాని భయమా, మీ భయమా?"



మూత్రంలో ప్రోటీన్ బాగా పోతోందని తేలింది. పిల్లల్లో ఇది వచ్చేదేననీ, మందులకి చాలామందిలో తగ్గుతుందనీ డాక్టరు గారు ధైర్యం చెప్పారు. మాత్రలు మొదలుపెట్టి, ఏలూరులో కిడ్నీ డాక్టరుకి కూడా చూపించమన్నారు. పది రోజులు పోయాక అక్కడ మళ్లీ రక్తం ఇవ్వాలి. ఈలోగా కైకలూరు వచ్చేశాం.

ఇంట్లో ఒకరోజు మా ఆవిడ ఇడ్లీలు పెడుతుంటే పాప ప్లేటులోకి చూసి, "మూడు" అంది. వెంటనే నా వైపు తిరిగి, "మూడేనా నాన్నా?" అని అడిగింది. ఇదివరకు ఎప్పుడూ అలా అడగలేదు. మా ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడి నన్ను చూసింది.

ఉబ్బు కాస్త తగ్గాక, పోరుపెడితే గట్టు మీదికి తీసుకెళ్లాను. గొడుగు కింద కూర్చుంది. నేను లాభం అన్నాను. నా నోరు కదిలాక తను అంది. రెండూ అంతే, మూడూ అంతే. ఇదివరకు నాతో పాటు అనేది. ఒక్కోసారి నాకంటే ముందే అనేసి, నేను కళ్లెర్రజేస్తే నవ్వేది.

"పాప గొంతు తగ్గిపోయిందేంటండీ?" అన్నాడు గిన్నె ముంచే అతను.

"ఒంట్లో బాగుండట్లేదు" అన్నాను. అదీ నిజమే. కానీ అతను అడిగినదానికి అది జవాబు కాదు.

ఏలూరు వెళ్లేరోజు కొల్లేరు మీద రోడ్డంతా ముసురు. బస్సు కిటికీలోంచి పక్షుల్ని చూసింది గానీ లెక్కపెట్టలేదు. ఆసుపత్రిలో మా పేరు పిలిచేసరికి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. మా ఆవిడ బతిమాలింది. నర్సు బొమ్మ చూపించింది. చేతులు తియ్యదు.

"ఎంత లెక్క నాన్నా?" అని అడిగింది.

ఐదు అనాలనిపించింది. ఐదంటే చెయ్యి ఇచ్చేదేమో కూడా. నేల మీద, దాని ముందు కూర్చున్నాను.

"తెలీదమ్మా."

"నీకు తెలీదా?"

"తెలీదు. ఆవేళ కూడా తెలీదు. తెలుసన్నట్టు చెప్పాను. ఆవేళ నువ్వు సరిగ్గానే విన్నావు. ఎనిమిది అయిపోయింది, తొమ్మిదీ అయిపోయింది. నేనే వెనక్కి వచ్చాను. వచ్చి, నీదే తప్పన్నాను."

"ఎందుకు?"

"భయమేసింది."

"నిన్ను పొడవలేదు కదా!"

నర్సుకి నవ్వాగలేదు. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. పొడవలేదు, నిజమే.

"అయితే నేను లెక్కపెడతాను. నువ్వు అనకు" అంది. ఒక చెయ్యి బయటికి తీసి నర్సుకిచ్చింది. రెండోది నాకిచ్చింది.

లాభం అనలేదు. ఒకటి అంది. సూది దిగినప్పుడు నా వేళ్లు నలిపేసింది గానీ ఆగలేదు. ఈసారి నరం తొందరగానే దొరికింది. అయినా గొట్టాలు నిండాలి కదా, పది దాటింది, ఇరవై దాటింది. ఏడుస్తూనే లెక్కపెట్టింది. నేను దాని ముఖం చూస్తూ ఎక్కడో లెక్క వదిలేశాను.

దూది పెట్టాక, "ఎంత నాన్నా?" అంది.

"నాకు తప్పిపోయింది. నువ్వే చెప్పు."

"ముప్ఫై నాలుగు." కాసేపు నా నోటి వంక చూసింది. నేను ఏమీ అనకపోయేసరికి మళ్లీ అంది. "ముప్ఫై నాలుగే."

మందులు పనిచేస్తున్నాయి. రోజూ పొద్దున్నే మా ఆవిడ పాప మూత్రంలో ప్రోటీన్ చూసే కాగితం పట్టీ ముంచి, సీసా మీది రంగులతో పోల్చి చూస్తుంది. పసుపు ఆకుపచ్చకి తిరగకపోతే ఆరోజుకి ఊపిరి పీల్చుకుంటాం. ఇది మళ్లీ మళ్లీ రావచ్చట. ఇంకా ఎన్నిసార్లు సూది గుచ్చించుకోవాలో తెలియదు. ఎవరడిగినా ఇప్పుడు తెలియదనే అంటున్నాను.

ఆదివారాలు పాప మళ్లీ గట్టు మీదికి వస్తోంది. గొడుగు కింద కూర్చుని నాతో పాటే రాగం తీస్తోంది. లాభం, రెండు, మూడు, అన్నీ నాతో పాటే. తొమ్మిది దగ్గర మాత్రం ఆగి నా నోటి వంక చూస్తుంది. పది నేను అన్నాకే తను అంటుంది.