తూము దగ్గర సిగ్నల్

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, ధనుర్మాసం. తాడేపల్లిగూడెంలో నాకు కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. మండవల్లి అవతల, కొల్లేటి అంచున చేపల చెరువులు చేసే వెంకట్రాజుగారు నాకు చాలాకాలంగా తెలుసు. విండోస్ మోయలేకపోతున్న ఆయన పాత ల్యాప్‌టాప్‌లో నేనే లైనక్స్ వేసిచ్చాను. చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఆయన దాంట్లోనే చూసుకునేవారు. ఇంటర్నెట్ కోసం ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టేవారు, అంటే ఫోన్ నుంచే ల్యాప్‌టాప్‌కి వైఫై ఇచ్చేవారు.

ఒక సాయంత్రం ఆయన ఫోన్ చేశారు. ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయ్యాక దాంట్లో వైఫై గుర్తే కనిపించడం లేదట. హాట్‌స్పాట్ ఆపకుండా ఉంచి, మళ్లీ మళ్లీ ప్రయత్నించమన్నాను. ఫలితం లేకపోయేసరికి పొద్దున్నే వస్తానని చెప్పాను.

మర్నాడు బస్సు దిగితే అడుగు దూరంలో గట్టు కనిపించనంత మంచు. వాళ్లది చెరువు గట్టు మీది ఇల్లు. ఆయన భార్య సత్యవతిగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. తెల్లవారకముందే చెరువు చూసొస్తానని వెళ్లిన మనిషి ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే అందుబాటులో లేదని వస్తోంది. రేవులో కట్టిన దోనె కూడా లేకపోవడంతో, పనివాళ్లిద్దరూ ఇంకో దోనె వేసుకుని ఆయన్ని వెతకడానికి కొల్లేట్లోకి వెళ్లారు.

నేనూ వెతుకుతానంటే ఆవిడ వద్దన్నారు. “దారి తెలీని మంచులో ఎక్కడికి వెళ్తారు బాషాగారూ? మీ పని మీరు చూసుకోండి. ఇంట్లో ఒక మనిషి అలికిడి ఉంటే చాలండి.”

కూర్చున్నాను. వైఫై కార్డు లోపల బాగానే ఉంది. దానికీ కంప్యూటర్‌కీ మధ్య మాట అందించే డ్రైవర్ మాత్రం లోడు కాలేదు. లైనక్స్‌కి గుండెలాంటి కెర్నల్ కొత్తది వచ్చింది. పాత డ్రైవర్ దానికి సరిపడలేదు. పాత కెర్నల్‌తో బూట్ చేసి, డ్రైవర్‌ని ఎక్కించాను.

నేను మీట నొక్కకుండానే తెర మూల అక్షరాలు వచ్చాయి: ‘వెంకట్రాజు’కి కనెక్ట్ అయింది.

వెనక నిలబడి చూస్తున్న సత్యవతిగారు గబగబా గుమ్మంలోకి వెళ్లారు. బయట ఎవరూ లేరు. తిరిగి నా వైపు చూశారు. “ఆయన వచ్చినట్టేనా అండీ?”

టవర్ సిగ్నల్ లేని చోట కూడా హాట్‌స్పాట్ పనిచేస్తుంది, కానీ ఎక్కువ దూరం అందదు. అంటే ఫోన్ కొల్లేట్లో లేదు. ఇక్కడే, ఈ గట్టు మీదే ఎక్కడో ఉంది.

తెరిచిన ల్యాప్‌టాప్ చేతుల మీద పెట్టుకుని గట్టెక్కాను. ఆవిడ నా పక్కనే నడుస్తూ భర్తను పిలుస్తున్నారు. ఒక వైపు వెళ్తే సిగ్నల్ గీతలు తగ్గాయి. వెనక్కి తిరిగితే పెరిగాయి. నీళ్లు చిలికే ఏరేటర్ల హోరులో ఏమీ వినపడటం లేదు. అవి ఆపితే, అలాంటి మంచు పొద్దున చేపలకి ఊపిరాడదు. ఏడాది పంట అంతా పోవచ్చు. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వెళ్లి స్విచ్ ఆపేశారు.

ఆ నిశ్శబ్దంలో చెరువు నిండా చిన్న చిన్న చప్పుళ్లు మొదలయ్యాయి. చేపలు పైకి తేలి, నోళ్లు తెరిచి గాలి మింగుతున్నాయి. మనిషి గొంతు మాత్రం లేదు. గట్టు మధ్య నీళ్లు వదిలే తూము మీది చెక్క దాటాం. గీతలు నిండుగా ఉన్నాయి. ఎదురుగా మంచు, గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు. ముందుకెళితే గీతలు తగ్గాయి. మళ్లీ చెక్క మీదికి వస్తే నిండాయి. అప్పుడు ఇద్దరం ఒకేసారి మా కాళ్ల కిందికి చూశాం.

ఆయన అక్కడే ఉన్నారు. తూము లోపల, నడుంలోతు నీళ్లలో, నీళ్లకి అడ్డం వేసే పలకల మధ్య కాలు ఇరుక్కుపోయి ఉన్నారు. పెదాలు నల్లబడ్డాయి. కళ్లు మా వైపే చూస్తున్నాయి. ఫోన్ చొక్కా జేబులో ఉంది.

మా కేకలు విని వచ్చిన పక్క చెరువు వాళ్ల సాయంతో ఆయన్ని బయటికి తీశాం. కాలు విరిగింది, ప్రాణం దక్కింది. ఏరేటర్లు మళ్లీ వేసేసరికి కొన్ని చేపలు వెల్లకిలా తేలాయి. దోనె కట్టు తెగి ఒంటరిగా కొట్టుకుపోయిందని తర్వాత తేలింది.

ఏలూరు ఆసుపత్రిలో చూడటానికి వెళ్లినప్పుడు ఆయన మెల్లగా చెప్పారు. “మీ అడుగులు నా నెత్తి మీదే వినిపించాయండి. పిలుద్దామంటే గొంతు పెగల్లేదు. మీరు దాటి వెళ్లిపోయారు కూడానండి.”

డ్రైవర్ లేనప్పుడు ల్యాప్‌టాప్ చుట్టుపక్కల ఏ నెట్‌వర్కూ లేనట్టే చూపిస్తుంది. అంతకుముందు రాత్రంతా అది అదే చెప్పింది. ఆ మాటని నేను ఇప్పుడు నమ్మను. లేకపోవడం వేరు, మనకి వినపడకపోవడం వేరు.