మంచినీళ్లు మందు వదిలిన రోజు

నేను చేసిన ఘనకార్యం వింటే ఏ ప్రయోగశాలవాళ్లూ నన్ను గుమ్మం తొక్కనివ్వరు. అయినా చెబుతాను. అప్పట్లో తొర్రూరు నుంచి వరంగల్ దాకా నా అంత తెలివైనవాడు లేడని నా నమ్మకం మరి.

వరంగల్‌లో పరిశోధన చేస్తున్న రోజులవి. మామిడికి అంటుకట్టినట్టు గంజిపొడికి కొత్త అణువుల గొలుసులు అంటుకట్టి, ఒంట్లో మందును మెల్లగా వదిలి తానూ కరిగిపోయే పాలిమర్ తయారుచేశాను. అందులో నింపిన మందు పసుపులోని పచ్చటి సారం. అది నీళ్లలోకి ఎంత దిగిందో ఒక యంత్రం చెబుతుంది. ఆ నీళ్లను చిన్న గాజు డబ్బీలో పోసి పెడితే, వెలుతురు పంపి రంగును కొలుస్తుంది. దసరా తర్వాతి సోమవారం కమిటీకి ఫలితం చూపించాలి, లేదంటే నా ఫెలోషిప్ ఆగిపోతుంది.

పండుగనాడు అమ్మ ఫోన్ చేసి పనిముట్లన్నిటికీ పసుపు బొట్టు పెట్టమంది, పెట్టినది తుడవద్దంది. ఊళ్లో మా బాపు బోరు మోటారుకు పెట్టినంత భక్తిగా నేనూ అన్నిటికీ పెట్టాను. నా గాజు డబ్బీకైతే మరీ నిండుగా పెట్టాను.

సోమవారం కొలిస్తే, నింపిన మందుకు రెట్టింపు బయటికొచ్చింది. బుద్ధున్నవాడు అక్కడే ఆగేవాడు. నేను మాత్రం కమిటీ ముందు ఛాతీ విరిచి, నా పాలిమర్ మందును తానే పుట్టిస్తుందని కొత్త సిద్ధాంతం చెప్పాను. మందు లేదు, రోగి లేడు, సిద్ధాంతానికి మాత్రం నా పేరు!

మా గైడు మేడం నెమ్మదిగా అడిగింది. "కుండల ఉన్నదానికంటె గంటెల ఎక్కువ ఎట్లొచ్చింది?"

"నా పాలిమర్ గట్లనే ఉంటది మేడం."

ఆమె ఆ డబ్బీని ఖాళీ చేయించి ఉత్త మంచినీళ్లు పోయించింది. యంత్రం లెక్కన అవి కూడా మందు వదిలాయి. డబ్బీని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇదేంది?"

"బొట్టు మేడం. అమ్మ తుడవొద్దన్నది."

"మీ అమ్మ మాట ఇన్నవ్, మంచిదే. గాజుకు మరక అంటొద్దని నేను చెప్పింది ఎవలు ఇంటరు?"

కమిటీ కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వి, రెండు వారాల గడువిచ్చింది. డబ్బీ కడిగి మళ్లీ కొలిస్తే పాలిమర్ మందును రోజుల తరబడి మెల్లగా వదిలింది. మాకు కావలసింది అదే. ఫెలోషిప్ నిలిచింది. జరిగిందంతా అమ్మకు చెప్పాను.

"సూసినవా బిడ్డా, నేను బొట్టు పెట్టుమంటెనే గదా గట్టెక్కినవ్."

ఈ వాదాన్ని కొలిచే యంత్రం మా దగ్గర లేదు. అందుకే నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో గాజు డబ్బీకి బొట్టు పెట్టను. యంత్రం మూతకు మాత్రం పెడతాను, అమ్మ అడుగుతుంది కదా.