పసుపు రంగు శనివారం

ఆ రోజుల్లో నాకు అసూయంటే ఏమిటో తెలియదనే అనుకునేవాణ్ణి. ఒకడి ప్రమోషన్ చూసో, ఒకడి కారు చూసో కుళ్ళుకోవడం మన ఇంటావంటా లేదని ఫోన్లో మా అమ్మతో గొప్పగా చెప్పేవాణ్ణి కూడా. (అప్పటికి నా చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికీ ప్రమోషన్ రాలేదు, అందరివీ సెకండ్ హ్యాండ్ కార్లే.) వర్జీనియాలోని షాంటిలీలో ఒక తెలుగు అక్క ఇంట్లో, బేస్‌మెంట్‌లో, నేనూ మా రూమ్మేటూ అద్దెకున్న కాలం అది. నేను తెనాలి నుంచి హెచ్-వన్ వీసా మీద నేరుగా వచ్చి రెండేళ్లయింది. వాడు జనగామ నుంచి ఎమ్మెస్ చేయడానికి వచ్చి, చదువు ముగించి, ఉద్యోగంలో కుదురుకుని, మొత్తం మీద ఆరేళ్లుగా అమెరికాలోనే ఉన్నాడు. కాలేజీలో జిల్లా తరఫున కబడ్డీ ఆడాడు కాబట్టి అందరూ వాణ్ణి రైడర్ అనేవారు. నేనూ అలాగే అంటాను. అసలు పేరు రాస్తే చదివి ఫోన్ చేస్తాడు.

నన్ను రగ్బీ లీగ్ అనే ఆటలోకి దింపింది మా ఆఫీసులో పక్క సీటు అమెరికన్. వర్జీనియాలో ఆ ఆట ఆడేవాళ్లు ఎంత తక్కువంటే, మైదానానికి దారి కనుక్కుని వచ్చినవాణ్ణల్లా సభ్యుడిగా రాసేసుకునేవారు. జట్టుకు పదముగ్గురు. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తాలి, అవతలివాళ్లు పట్టుకుని పడేస్తారు. ఆరుసార్లు పడేసేలోపు గీత దాటకపోతే బంతి వాళ్లకు అప్పగించాలి. (ఆరేళ్లలోపు ఏదో ఒకటి తేలకపోతే పెట్టే బేడా సర్దుకోవాల్సిన హెచ్-వన్ వాళ్లకు ఈ నియమం ఎవరూ రెండోసారి వివరించనక్కర్లేదు.) మా కోచ్ ఆస్ట్రేలియా నుంచి వచ్చి ఇక్కడ ప్లంబర్‌గా స్థిరపడిన పెద్దాయన. నేను మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తడం ఓపిగ్గా చూసి, భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా, "నీకు ఎక్సెల్ వచ్చా?" అని అడిగాడు.

అలా నేను క్యాలెండర్ మనిషినయ్యాను. మొదట మా క్లబ్‌ది, తర్వాత మా చుట్టుపక్కల ఆరు క్లబ్బుల పోటీ మొత్తానిది. అదేదో చిన్న పని అనుకోకండి. కౌంటీ పార్కు వాళ్లు మైదానం ఏ శనివారం ఇస్తారో చూడాలి, పిల్లల సాకర్ వాళ్లతో తగాదా రాకుండా చూడాలి, లాంగ్ వీకెండ్‌లో ఎవరూ ఊళ్లో ఉండరని గుర్తుంచుకోవాలి. అన్నిటికీ మించి అంతర్జాతీయ మ్యాచ్‌లు. మా సీజన్ వేసవిలో, అమెరికా దేశం జట్టు ఆడేదీ వేసవిలోనే. ఆ జట్టుకు ఆటగాళ్లను ఎంచుకునేది మాలాంటి క్లబ్బుల నుంచే. అందుకని దేశం ఆడే శనివారం క్లబ్బులు ఆడకూడదని అందరూ ఒప్పుకున్న ఆచారం. పై నుంచి మెయిల్ రాగానే గూగుల్ షీట్‌లో ఆ శనివారం గడికి పసుపు రంగు పూసేవాణ్ణి. ఇక ఆ గడి జోలికి ఎవరూ రారు. బెంచీ మీద కూర్చునే నాలాంటివాడికి ఆరు క్లబ్బుల వాళ్లు ఫోన్ చేసి, "మా మ్యాచ్ ఒక వారం జరపవా, ప్లీజ్" అని బతిమాలడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ హాయి ఒక గురువారం సాయంత్రంతో ఆఖరు. నా కారు షెడ్డులో ఉంటే, ప్రాక్టీస్‌కి కాస్త డ్రాప్ చేయమని రైడర్‌ని అడిగాను. వాడు చెప్పులేసుకుని, నిక్కరు మీద వచ్చి, గీత బయట నిలబడి పది నిమిషాలు చూశాడు. "ఇదేందిరా, మన కబడ్డే గదా! కూత లేదు, గంతే," అన్నాడు. కోచ్ సరదాకి ఒకసారి లోపలికి రమ్మన్నాడు. మా జట్టులో అందరికంటే భారీ మనిషి బంతి పట్టుకుని వాడి మీదికి దూసుకొచ్చాడు. వీడు చెప్పులు విడిచి, కాస్త వంగి, చీలమండ దగ్గర ఒక్క పట్టు పట్టాడు. ఆ భారీ మనిషి పచ్చిగడ్డిలో బోర్లా పడ్డాడు. కోచ్ నా వైపు తిరిగి, "ఇతన్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు?" అన్నాడు. అప్పటిదాకా రెండేళ్లలో కోచ్ నన్ను అడిగినవన్నీ మైదానం బుకింగ్ గురించే.

రెండు నెలల్లో వాడికి పదమూడో నంబర్ జెర్సీ ఇచ్చారు. నా జెర్సీ అప్పటికీ మడత విప్పలేదు. ఇంట్లో అక్క వరస మారిపోయింది. "తమ్ముడూ, నువ్వు ఇంకో రెండు ముక్కలు వేసుకో, ఆడేవాడివి," అని చికెన్ గిన్నె వాడి వైపు జరిపేది. నా వైపు తిరిగి, "నీకు కంప్యూటర్ పనేగా, రాత్రిపూట పెరుగన్నం తేలిగ్గా ఉంటుంది," అనేది. అక్క కూతురికి ఏడేళ్లు. ఆ పిల్ల మరీ దారుణం. "అంకుల్, రైడర్ అంకుల్ అందర్నీ డౌన్ చేస్తాడు. నువ్వు వై కూర్చుంటావ్ ఎప్పుడూ?" అని అందరి ముందూ అడిగింది. నేను క్యాలెండర్ అనే వ్యవస్థ ప్రాముఖ్యం గురించి ఆ పిల్లకు ఐదు నిమిషాలు చెప్పాను. మధ్యలోనే లేచి వెళ్లి కార్టూన్ పెట్టుకుంది.

ఇంతలో దేశం జట్టు లిస్టు వచ్చింది. ఫ్లోరిడాలో కెనడాతో మ్యాచ్, జులై ఆఖరి శనివారం. ఆ లిస్టు క్లబ్బులకు పంపేది నేనే కాబట్టి అందరికంటే ముందు చదివిందీ నేనే. కింది నుంచి మూడో పేరు రైడర్‌ది. సిటిజన్ కానక్కర్లేదట, గ్రీన్ కార్డ్ కూడా అక్కర్లేదట, ఐదేళ్లుగా ఇక్కడ ఉంటే చాలట. గ్రీన్ కార్డ్ క్యూలో మనవలు పుట్టేదాకా నిలబడాల్సినవాడు అమెరికా తరఫున ఆడొచ్చట! మొదట కెనడా అనే మాట చూసి, వాడి వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయింది, దేశం దాటితే తిరిగి రాలేడు అని ఒక్క క్షణం సంబరపడ్డాను. తర్వాతి లైన్లో ఫ్లోరిడా అని చూశాను. వాడికి చెబితే ఎగిరి గంతేసి నన్ను కావలించుకుని, "అరేయ్, నువ్ గ్రౌండ్‌కి తోల్కపోకుంటే నాకిది యాడిదిరా!" అన్నాడు. ఆ మాట నిజం కావడంతో నాకు ఇంకా మండింది.

ఆ తర్వాతి మంగళవారం ఆఫీసులో లంచ్ టైమ్. సాఫ్ట్‌వేర్ బిల్డ్ నడుస్తోంది, అది అయ్యేదాకా చేతిలో పని లేదు. షీట్ తెరిచాను. పెన్సిల్వేనియా జట్టుతో మా ఆఖరి లీగ్ మ్యాచ్ పసుపు గడికి ముందు వారం ఉంది. అది గెలిస్తేనే మేము ఫైనల్‌కి వెళ్తాం. దాన్ని కట్ చేసి పసుపు గడిలో అతికించాను. కౌంటీ వాళ్లు గడ్డి నాటుతున్నారు, ముందు వారం మైదానం లేదు, ఇక మిగిలింది పసుపు శనివారమే అని ఒక మెయిల్ కొట్టాను. (కౌంటీ వాళ్లు ఏ గడ్డీ నాటలేదు.) పెన్సిల్వేనియా వాళ్ల నుంచి దేశం జట్టుకు ఎవరూ ఎంపిక కాలేదు కనుక వాళ్లు హాయిగా సరేనన్నారు. నా లెక్క ఏమిటంటే, రైడర్ దేశానికి ఆడితే క్లబ్‌ను నట్టేట ముంచాడని అందరూ వాణ్ణి తిడతారు. క్లబ్‌కి ఆడితే దేశం జట్టు పోతుంది. ఎటు తిరిగినా వాడి వెలుగు కాస్త తగ్గుతుంది. ఇంత నీచమైన ఆలోచన చేసి కూడా ఆ మధ్యాహ్నం నేను అక్క కట్టిచ్చిన పులిహోర ఒక్క మెతుకు మిగలకుండా తిన్నాను.

గురువారం ప్రాక్టీస్‌లో కోచ్ అందర్నీ గుండ్రంగా నిలబెట్టి విషయం చెప్పాడు. రైడర్ తల వంచుకుని, "నేను పోను కోచ్, ఫైనల్ ముఖ్యం," అని ఇంగ్లిష్‌లో అన్నాడు. నా గుండె ఆనందంతో గెంతింది. కోచ్ మాత్రం, "నువ్వు వెళ్లకపోతే నేనే నిన్ను కారు డిక్కీలో వేసుకుని ఫ్లోరిడా తీసుకెళ్తాను," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, వీపు మీద చరిచారు. ఆ భారీ మనిషికైతే కళ్లలో నీళ్లు తిరిగాయి. నేనూ చప్పట్లు కొట్టాను, కొట్టక చస్తానా. ఆ తర్వాత కోచ్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇద్దరికి దెబ్బలు, ఒకతని చెల్లెలి పెళ్లి, రైడర్ ఫ్లోరిడా. మిగిలింది పన్నెండు. పదమూడో మనిషి లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. అందరూ నా వైపు చూశారు. కోచ్ నవ్వుతూ, "రిజిస్టర్‌లో నీ పేరుందిగా," అన్నాడు.

అలా ఆ శనివారం రైడర్ జెర్సీ నేను తొడుక్కున్నాను. దానికోసం అన్ని నెలలు కుళ్ళుకున్నానా, తీరా వేసుకుంటే భుజాల మీంచి జారిపోయింది. అక్క, పాప మడత కుర్చీలు తెచ్చుకుని గీత పక్కనే కూర్చున్నారు. మొదటి నిమిషంలోనే పెన్సిల్వేనియా వాళ్ల మనిషి ఒకడు బీరువా కదిలొచ్చినట్టు నా మీదికి వచ్చాడు. రైడర్ లాగే చీలమండ పట్టుకుందామని వంగాను. ఆ తర్వాత నాకు కనిపించింది వర్జీనియా ఆకాశం. "అంకుల్, గెట్ అప్! లే అంకుల్!" అని పాప అరుస్తోంది. లేచాను. మళ్లీ పడ్డాను. అలా ఎన్నిసార్లో గుర్తులేదు. మార్చడానికి ఇంకో మనిషి లేడు కాబట్టి ఎనభై నిమిషాలూ ఆడాల్సి వచ్చింది. రెండో సగంలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఎవడిదో కాలు నా చేతికి చిక్కింది. వదల్లేదు. నన్ను ఐదు గజాలు ఈడ్చుకుంటూ వెళ్లి చివరికి పడ్డాడు. అక్క కుర్చీలోంచి లేచి, "మా తమ్ముడే! మా తమ్ముడే!" అని కేకలేసింది.

ఓడిపోయాం. పద్దెనిమిది–ఇరవై రెండు. ఆఖరిసారి వాళ్లు గీత దాటి ట్రై చేసిందీ నేను నిలబడాల్సిన చోటు నుంచే. మా భారీ మనిషి మోకాళ్ల మీద కూర్చుని ముఖం కప్పుకున్నాడు. ఆ సీజన్ తర్వాత మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆట మానేస్తానని అంతకు ముందు నుంచీ చెబుతున్నాడు, ఫైనల్ ఆడి వెళ్లిపోవాలని అతని ఆశ. కోచ్ నా దగ్గరికి వచ్చి, "గొప్ప ధైర్యం," అని కావలించుకున్నాడు. నా పక్కటెముకల కంటే ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. అది నేను గడి మార్చకపోయి ఉంటే మావాళ్లు గెలవాల్సిన మ్యాచ్. చెప్పేద్దామని నోరు తెరిచాను. పళ్లకు తొడుక్కున్న మౌత్‌గార్డ్ ఇంకా నోట్లోనే ఉంది. తీసేలోపు ధైర్యం పోయింది.

ఆదివారం మధ్యాహ్నం రైడర్ వచ్చాడు. నేను సోఫాలో ఐస్ ప్యాకులు పెట్టుకుని పడుకుని ఉన్నాను. వాడు బ్యాగు కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, "డేట్ మార్చింది నువ్వే గదరా?" అన్నాడు.

"కౌంటీ వాళ్లు గడ్డి..."

"గడ్డి లేదు, గిడ్డి లేదు. షీట్ల వర్షన్ హిస్టరీ జూశిన. మంగళారం పన్నెండున్నరకు నీ పేరే ఉన్నది."

పొద్దున లేస్తే జూనియర్లకు, కోడ్‌లో ఎవరు ఏ లైను ఎప్పుడు మార్చారో అంతా రికార్డవుతుంది, జాగ్రత్త అని పాఠాలు చెప్పేది నేనే. గూగుల్ షీట్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంగతే తోచలేదు. ఎప్పుడు చూశావని అడిగాను.

"గా గురువారం రాత్రి, కోచ్ జెప్పినంక."

"మరి అందరికీ చెప్పలేదేం?"

"ఏం జెప్పాలె? రెండేండ్ల సంది బెంచీ మీద గూసుంటున్నవ్. నేను లేని దినం మ్యాచ్ పెట్టుకుంటే నీకు ఛాన్స్ దొరుకుతదని జేశినవనుకున్న. గంత ఆడాలని ఉంటే నాకు జెప్పొద్దార? ఒక్క మ్యాచ్ కాలు నొస్తుందని గూసునేటోన్ని గదా."

నేను అంత మంచి దొంగను కాదురా అని చెప్పాలి. దానికి బదులు, వాడు నాకు అంటగట్టిన ఆ గౌరవప్రదమైన నేరాన్ని ఐస్ ప్యాకుతో సహా గుండెకు హత్తుకుని ఊరుకున్నాను. మాట మార్చడానికి, నువ్వు ఎంతసేపు ఆడావు అని అడిగాను. వాడు కిటికీ వైపు చూశాడు. "తొమ్మిది నిమిషాలు. ఆఖర్ల దింపిండ్రు. బంతి ఒక్కసారి గూడ చేతికి రాలె. నువ్వు?"

"ఎనభై."

"మొత్తమా?" వాడి ముఖం ఒక్కసారి మాడిపోయింది. ఆ రంగు నాకు బాగా తెలుసు, నెలల తరబడి అద్దంలో చూసుకున్నదే. "ఎనభై నిమిషాలు ఆడిచ్చిండ్రా నిన్ను! మేం గాడ ఎండల గూసొని చెమటలు దుడుసుకున్నం," అని ఇంకా ఏదో గొణుక్కుంటూ లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపు గట్టిగా వేశాడు. నన్ను చూసి ఒకడు కుళ్ళుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. సిగ్గుపడాల్సిన సమయం అది. పక్కటెముకలు విరిగేంత నొప్పిలోనూ నాకు నవ్వాగలేదు.

ఇప్పుడు నేను ఇంకో రాష్ట్రంలో, కమ్మింగ్ అనే ఊళ్లో ఉంటున్నాను. రైడర్ శాంటా క్లారాలో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు, కాస్త పొట్ట. ఆ భారీ మనిషికి మాత్రం రెండేళ్ల క్రితం ఫోన్ చేసి నిజం మొత్తం చెప్పాను. అంతా విన్నాడు. తర్వాత, "ఆ ఈడ్చుకెళ్లిన కాలు మాత్రం బాగా పట్టావులే," అన్నాడు. రైడర్‌కి ఇంకా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది. అక్క ఆ రోజు ఫోన్లో తీసిన వీడియో అప్పుడప్పుడూ చూస్తుంటాను. ఒళ్లంతా బురద, సరిపోని జెర్సీ, ఎందుకు పడుతున్నాడో ఎందుకు లేస్తున్నాడో తెలియని ఒక సన్నటి కుర్రాడు. వెధవ, చేసిందంతా చేసి ఎలా లేస్తున్నాడో చూడు అని నవ్వుకుంటాను. నిన్న సోఫాలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. వీడియోలో వాడు పడ్డ ప్రతిసారీ చెయ్యి ఆనించకుండానే లేస్తున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఎంత అసూయగా ఉంటుందో.